చిన్న పెరట్లో, కుండీల్లో పొట్టి పూల పొదలు: కొనే రోజు నుంచి తుపాను దాకా

దక్షిణ ఒడిశాలో, బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా మన తెలుగు వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు రెండే. నర్సరీలో గుబురుగా, ఒళ్లంతా పూలతో ఉన్న మొక్క ఇంటికొచ్చిన నాలుగు నెలలకే బోడిగా, పొడుగ్గా ఎందుకు తయారవుతోంది? వానాకాలం మధ్యలో, మట్టి తడిగానే ఉన్నా, ఉన్నట్టుండి ఎందుకు వాడిపోతోంది?

ఆ వెంటనే "ఏ మందు కొట్టాలి?" అంటారు. చాలావరకు మందుతో పని లేదు. తేడా కొన్న రోజే ఉంటుంది, లేకపోతే కుండీ లోపల వేరు దగ్గర ఉంటుంది. అందుకే ఇక్కడ ఆకుల కంటే వేర్ల గురించే ఎక్కువ చెబుతున్నాను. రెండున్నర అడుగులు దాటని పొదలకే ఇది వర్తిస్తుంది.

1. కొనే ముందు: అది నిజంగా పొట్టి రకమేనా?

నర్సరీలో చిన్నగా కనిపించేవన్నీ పొట్టి రకాలు కావు. మూడు రకాల "పొట్టి" అమ్ముతారు.

మొదటిది పుట్టుకతోనే పొట్టి. మినీ నూరువరహాలు, మినీ నందివర్ధనం, కఫియా, యుఫోర్బియాలో చిన్న రకాలు ఈ కోవలోవి.

రెండోది మామూలు మొక్క నుంచి తీసిన కొమ్మ అంటు. ముదురు కొమ్మ నుంచి తీస్తే మందారమైనా, కాగితం పూలైనా అడుగు ఎత్తులోనే పూస్తాయి. ఇంటికొచ్చి వేరు పట్టాక వాటి అసలు ఎత్తుకు అవి పోతాయి.

మూడోది ఎదుగుదల తగ్గించే మందు పెట్టి గుబురుగా ఉంచింది. మందు ప్రభావం తగ్గగానే కొత్త చిగుళ్లు బారుగా సాగుతాయి. మోసపోయామని ఎక్కువ మంది అనుకునేది దీని దగ్గరే.

కనిపెట్టాలంటే పూలను వదిలేసి కాండం చూడండి. ఒక కణుపుకీ ఇంకో కణుపుకీ మధ్య దూరం కింది నుంచి పై దాకా ఒకేలా, దగ్గర దగ్గరగా ఉంటే పొట్టి రకమే. కింద కణుపులు దూరంగా ఉండి, పైకి వెళ్లేసరికి ఒక్కసారిగా కుదించినట్టు ఉంటే, ఆకులు మరీ ముదురు పచ్చగా ఉంటే అనుమానించాలి. అదే రకంలో రెండు మూడేళ్ల మొక్క ఉంటే చూపించమనండి. అది చూస్తే ఇక ఏ ప్రశ్నా అక్కర్లేదు.

కొనే ముందు చూసుకోవాల్సినవి:

- ఆకు కాడ మొదట్లో, ఆకు అడుగున తెల్లటి దూది లాంటి పిండినల్లి లేదు
- సంచి అడుగు చిల్లుల్లోంచి వేర్లు తాళ్లలా బయటికి రాలేదు
- మొదలు పట్టుకుని మెల్లగా కదిపితే మట్టిలో వదులుగా ఊగడం లేదు
- నేల నుంచే మూడు నాలుగు కొమ్మలు ఉన్నాయి, ఒకే కర్ర కాదు
- విచ్చిన పూల కంటే మొగ్గలు ఎక్కువ

2. ఏ చోట ఏ మొక్క

ముందు ఎండ లెక్క చూసుకోండి. సెలవు రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కోసారి చూస్తే చాలు.

అయిదారు గంటల ఎండ పడే మేడ మీద, తూర్పు గుమ్మం ముందు: మినీ నూరువరహాలు, గోల్డెన్ డురంటా, యుఫోర్బియా, పొట్టి కాగితం పూలు, ఎడీనియం (ఎడారి గులాబీ).

మూడు నాలుగు గంటల ఎండ, మిగతా సమయం వెలుతురు ఉంటే: మినీ నందివర్ధనం (నర్సరీ వాళ్లకి తెలుగు రాకపోతే చిన్న టగర అని అడగండి), కామిని (వాసన వచ్చే తెల్ల పూల పొద), కఫియా, కనకాంబరం.

నేరుగా ఎండ పడని వరండాలో పూల మొక్క పెట్టి పూయలేదని బాధపడే కన్నా షెఫ్లెరా లాంటి ఆకు మొక్కతో సరిపెట్టుకోవడం మంచిది.

గోపాలపూర్, ఛత్రపురం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో కామినికి ఆకుల అంచులు మాడతాయి. అక్కడ కాగితం పూలు, పొట్టి గన్నేరు బాగా తట్టుకుంటాయి. ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు వెళితే లెక్క మారుతుంది. డిసెంబరు, జనవరిలో రాత్రిపూట పది డిగ్రీల కిందికి దిగుతుంది కాబట్టి నూరువరహాలు, మందారం ఆ రెండు నెలలూ కదలవు. అది జబ్బు కాదు. ఎరువు ఆపి, నీళ్లు తగ్గించి ఊరుకోండి.

చంటిపిల్లలు, మేకలు, ఆవులు తిరిగే ఇళ్లలో ఒక జాగ్రత్త. గన్నేరు అన్ని భాగాలూ, ఎడీనియం, యుఫోర్బియా పాలు, డురంటా పసుపు కాయలు, లాంటానా విషపూరితం. యుఫోర్బియా ముళ్లు నడిచే దారి పక్కన అసలు వద్దు.

3. కుండీ

పది నుంచి పన్నెండు అంగుళాల కుండీ ఈ పొదలకు సరిపోతుంది. నాలుగంగుళాల సంచిలో ఉన్న మొక్కను నేరుగా పద్నాలుగు అంగుళాల తొట్టిలో పెట్టకండి. వేరు అందుకోలేని మట్టి తడిగానే ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది. ఒక్కో మార్పుకు రెండు మూడు అంగుళాల చొప్పున పెంచండి.

మట్టి కుండీ వేర్లకు మంచిది కానీ మే నెలలో రోజుకు రెండు పూటలా నీళ్లు అడుగుతుంది. ప్లాస్టిక్ తేలిక. నలుపు రంగుది ఎండలో పెడితే అంచు దగ్గర వేర్లు ఉడికిపోతాయి కాబట్టి లేత రంగు తీసుకోండి. సిమెంటు తొట్టి గాలికి పడిపోదు గానీ కొత్తదానిలో సున్నం గుణం ఉంటుంది. నాలుగైదు రోజులు నీళ్లు నింపి, రోజూ మార్చి పారబోశాకే వాడండి. నూరువరహాలకు ఇది తప్పనిసరి.

అడుగున కనీసం మూడు చిల్లులు, ఒక్కొక్కటి చిటికెన వేలు పట్టేంత ఉండాలి. చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించండి. అంతకు మించి అడుగున కంకర పొర వేయడం వల్ల నీరు త్వరగా దిగదు. పైగా వేరుకు దక్కాల్సిన చోటు పోతుంది. ఎంత చెప్పినా మానని అలవాటు ఇది.

కుండీని నేల మీద ఆనించకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. మేడ మీదయితే బరువు చూసుకోవాలి. పన్నెండు అంగుళాల కుండీ తడిసిన మట్టితో పాతిక కిలోలకు దగ్గరగా ఉంటుంది. వరసగా గోడ అంచున, కింద దూలం ఉన్న చోట పెట్టుకోండి.

4. మట్టి మిశ్రమం

కొలత ఏదైనా పర్వాలేదు, ఒకే డబ్బాతో కొలవండి.

- ఎర్రమట్టి: 2 డబ్బాలు
- గరుకు ఏటి ఇసుక: 1 డబ్బా
- బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) లేదా వర్మీకంపోస్టు: 1 డబ్బా
- కడిగిన కొబ్బరి పొట్టు: అర డబ్బా
- వేపపిండి: పన్నెండు అంగుళాల కుండీకి గుప్పెడు

ఎడీనియం, యుఫోర్బియాలకు కొబ్బరి పొట్టు మానేసి ఇసుకను రెట్టింపు చేయండి. తీరం వైపు వానలు ఎక్కువ కాబట్టి మిగతా మొక్కలకూ చిన్న ఇటుక ముక్కలు అర డబ్బా కలపొచ్చు.

సముద్రపు ఇసుక వద్దే వద్దు. ఎంత కడిగినా ఉప్పు భయం ఉంటుంది, పైగా రేణువు సన్నం కాబట్టి మట్టిని బిగించేస్తుంది. కొబ్బరి పొట్టు ఇటుకలోనూ ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి అలాగే చేయండి. పచ్చి పేడ కలిపితే వేర్లు వేడెక్కడమే కాదు, దానితో పాటు వేరు పురుగు కూడా ఇంటికొస్తుంది. గత్తం చేతిలోకి తీసుకుంటే వాసన రాకుండా, టీ పొడిలా రాలాలి.

పరీక్ష: కలిపిన మట్టిని తడిపి పిడికిలి బిగించి వదలండి. ముద్ద నిలబడాలి, వేలితో తడితే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకాస్త ఇసుక. అసలు ముద్దే కట్టకపోతే ఇంకాస్త గత్తం.

5. నాటడం: అసలు కిటుకు ఇక్కడే

మన ప్రాంతానికి వచ్చే మొక్కల్లో చాలా భాగం ఆంధ్రాలో నర్సరీలకు పేరున్న కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. వాటి సంచుల్లో ఉండేది జిగట బంకమట్టి. దారి పొడవునా ఆ ముద్ద విడిపోకుండా ఉండటానికి అది పనికొస్తుంది. మీ కుండీలో మాత్రం ఇబ్బంది పెడుతుంది.

ఆ ముద్దను అలాగే తెచ్చి గుల్లగా ఉండే మిశ్రమంలో పాతితే, మీరు పోసిన నీళ్లు చుట్టూ ఉన్న మట్టిలోంచి దిగి అడుగు చిల్లులోంచి పోతాయి. బంకముద్ద లోపల పొడిగానే ఉంటుంది. వేసవిలో కుండీ తడిగా కనిపిస్తూనే మొక్క ఎండుతుంది. వానల్లో అదే ముద్ద తడిసి, ఆరక, వేరు కుళ్లుతుంది. మొదట్లో అడిగిన రెండో ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే.

చేయాల్సిన వరస:

1. కొన్నాక వారం పాటు సంచిలోనే, నీడలో ఉంచండి. మీ గాలికి అలవాటు పడనివ్వండి.
2. నాటే రోజు సంచి చించి, ముద్దను బకెట్ నీళ్లలో పెట్టండి. బుడగలు రావడం ఆగేదాకా, సుమారు ఇరవై నిమిషాలు.
3. మందారం, డురంటా, కాగితం పూలయితే ముద్ద బయటి వైపు మూడో వంతు మట్టిని నీళ్లలోనే వేళ్లతో నెమ్మదిగా కరిగించండి. కాగితం పూల వేర్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి కాబట్టి మరింత తేలిక చెయ్యి.
4. నూరువరహాలు, కామినిలకు వేరు కదిపితే పడదు. వాటికి మట్టి కడగకుండా, ముద్ద పక్కల నిలువుగా మూడు నాలుగు చోట్ల అర అంగుళం లోతు గాట్లు పెట్టి, వెదురు పుల్లతో అక్కడక్కడా గుచ్చండి.
5. గుండ్రంగా చుట్టుకుపోయిన వేర్లుంటే కత్తిరించండి. వాటిని అలాగే వదిలేస్తే కుండీ మారినా అవి ఆ చుట్టులోనే తిరుగుతాయి.
6. ముద్ద పై అంచు, కొత్త మట్టి మట్టం సమానంగా ఉండాలి. కాండం మొదలును మట్టితో కప్పకండి. కుండీ అంచు కింద అంగుళంన్నర ఖాళీ వదలండి.
7. పక్కల మట్టిని వేళ్లతో సర్దండి. దిమ్మిస కొట్టినట్టు నొక్కొద్దు.
8. అడుగు నుంచి నీళ్లు కారేదాకా పోయండి. మట్టి దిగిన చోట ఇంకాస్త వేయండి.
9. పది రోజులు మెత్తటి వెలుతురులో ఉంచి, తర్వాత రోజుకో గంట చొప్పున ఎండకు జరపండి. నెల దాకా ఎరువు లేదు.

పోసిన నీళ్లు నిమిషం రెండు నిమిషాల్లో ఇంకాలి. చెరువులా నిలబడితే మొక్క నాటుకునేదాకా ఆగకుండా ఆ రోజే తీసి మట్టి మార్చండి.

మంచి సమయం జూన్ మధ్యలో వచ్చే రజ పండగ వెళ్లి, వానలు కుదురుకున్నాక. అంటే జూన్ చివర నుంచి ఆగస్టు దాకా. అది దాటితే ఫిబ్రవరి. ఏప్రిల్, మేలో కొన్నా సంచిలోనే నీడలో కాపాడుకోండి.

నేలలో పెట్టేవాళ్లకు: అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత, మొక్కకూ మొక్కకూ అడుగున్నర నుంచి రెండడుగులు. గోడకు అడుగు దూరం ఉంచండి, చూరు నీళ్లు నేరుగా పడే చోట వద్దు. వాన నీరు నిలిచే పెరడయితే గుంతకు బదులు అరడుగు ఎత్తు మడి కట్టుకోవడమే మేలు.

6. నీళ్లు

"రోజూ ఒక మగ్గు" అన్న లెక్క పెట్టుకోకండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే పోయొద్దు, పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయండి. పైపైన చిలకరిస్తే వేరు కూడా పైపైనే ఉండిపోతుంది.

వేసవిలో పొద్దున్నే. వానాకాలంలో కుండీల కింద పళ్లేలు తీసేయండి. వేరుకు మంచిది, దోమలకు చోటూ ఉండదు.

7. ఎరువు

ఎక్కువైతే పొట్టి మొక్క కూడా బారుగా సాగి, ఆకే ఆకుగా ఉంటుంది. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. దానితో పాటు పూసే కాలంలో పదిహేను రోజులకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 2 గ్రాములు, లేదా మన బజార్లో ఎక్కడైనా దొరికే ఆవచెక్క (ఆవాల నూనె తీశాక మిగిలే పిండి). ఆవచెక్కను మూడు నాలుగు రోజులు నానబెట్టి, ఆ తేటకు పదింతల నీళ్లు కలపండి. వాసన భరించాలి, పక్కింటి వాళ్లకు ముందే చెప్పి ఉంచడం మర్యాద.

జడివానల్లో, మే ఎండల్లో, జబ్బుపడిన మొక్కకు ఎరువు వద్దు.

8. కత్తిరింపు: గుబురు ఎలా నిలుస్తుంది

పొట్టి రకమైనా దాన్నలా వదిలేస్తే అడుగు బోడి అవుతుంది. నాటిన నెలన్నరకు కొత్త చిగురు నాలుగైదు ఆకులు వేసినప్పుడు కొసను, రెండు ఆకులతో సహా, గోటితో తుంచండి. ఆ కణుపు నుంచి రెండు కొమ్మలొస్తాయి. అవి నాలుగాకులేశాక మళ్లీ తుంచండి. ఈ రెండు విడతల్లో వచ్చే పూలు పోతాయని చేతులు రావు చాలామందికి. ఆ పూలు వదులుకున్న మొక్కే తర్వాత నిండుగా పూస్తుంది.

కత్తెర వాడేటప్పుడు బయటికి చూస్తున్న చిగురు మొగ్గను చూసుకుని, దానికి పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. మరీ పైన కోస్తే మిగిలిన మొండి ఎండి కిందికి పాకుతుంది. మరీ దగ్గర కోస్తే మొగ్గే పోతుంది. కత్తెర పదునుగా ఉండాలి, మొక్కకూ మొక్కకూ మధ్య స్పిరిట్‌తో తుడవాలి.

ఆకారం ఎప్పుడూ కింద వెడల్పు, పైన కాస్త తక్కువ. పై భాగం గొడుగులా పరుచుకుంటే కింది కొమ్మలకు ఎండ అందక ఆకు రాలుస్తాయి.

మొక్కను బట్టి పద్ధతి మారుతుంది.

నూరువరహాలు కొమ్మ చివర పూస్తాయి. చదునుగా ఉండాలని పదే పదే కత్తిరిస్తే పూలే ఉండవు. గుత్తి రాలాక ఆ గుత్తి కింద ఒక జత ఆకులతో కోసి వదిలేయండి.

గోల్డెన్ డురంటా ఆకు రంగు కోసం పెంచేది. మూడు నాలుగు వారాలకోసారి కత్తిరించినా ఏమనదు. ఎండ తగ్గితే మాత్రం పచ్చబడుతుంది, దానికి ఎరువు మందు కాదు.

కాగితం పూలు కొత్త కొమ్మల మీద పూస్తాయి. కోశాక కొత్త చిగురు వచ్చేదాకా మామూలుగా నీళ్లు పోసి, తర్వాత ఆకు కాస్త వాలేదాకా ఆపి, అప్పుడు పోయండి. అలా రెండు మూడు వారాలు చేస్తే మొగ్గ పడుతుంది.

యుఫోర్బియా, ఎడీనియం కోసేటప్పుడు పాలు కంట్లో పడకూడదు. చేతికి తొడుగు వేసుకోండి, కోసిన చోట నీళ్లు చల్లితే పాలు ఆగుతాయి.

చారల ఆకుల రకాల్లో పూర్తి పచ్చ కొమ్మ ఒకటి వస్తే మొదలంటా తీసేయండి. దాని జోరు ఎక్కువ, ఏడాదిలో మొక్కంతా తనదే చేసుకుంటుంది. గట్టి కత్తిరింపు ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరి చివర. అప్పుడు కూడా మూడో వంతు దాటొద్దు.

రెండేళ్లకోసారి వేరు సంగతి చూడాలి. వానలు మొదలయ్యాక కుండీ బోర్లించి ముద్ద బయటికి తీసి, చుట్టూ, అడుగున అంగుళం మందం పాత కత్తితో చెక్కేసి, కొత్త మిశ్రమంతో అదే కుండీలో పెట్టండి. అదే రోజు పైన కూడా కాస్త కోయండి. కుండీ పెంచకుండా మొక్కను ఏళ్ల తరబడి అదే పరిమాణంలో ఉంచేది ఈ పనే. నూరువరహాలు, కామినికి మాత్రం ఒక ఏడాది సగం చుట్టూ, మరో ఏడాది మిగతా సగం.

9. తేడా వస్తే

*లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చ.* నూరువరహాల్లో ఎక్కువ. ఇనుము అందడం లేదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు, సిమెంటు తొట్టి, గోడ సున్నం కారణం. లీటరు నీటికి 3 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లండి. పది రోజులకోసారి, మూడు సార్లు. వాన నీళ్లు పట్టి పోస్తే ఇంకా మేలు.

*మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోవడం.* వేరు కుళ్లు. ఇంకా నీళ్లు పోయడం అందరూ చేసే పొరపాటు. వెంటనే ముద్ద తీసి, నల్లబడి మెత్తగా ఉన్న వేర్లు కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగులు మందు) లీటరుకు 3 గ్రాములు కలిపిన నీళ్లతో తడిపి, కొత్త మట్టిలో చిన్న కుండీకి మార్చండి. పైన మూడో వంతు కోసి నీడలో పెట్టండి. వేర్లు సగానికి పైగా తెల్లగా ఉంటే బతుకుతుంది.

*తెల్ల దూది, కింద ఆకులు జిగట, చీమల బారు.* పిండినల్లి. కొద్దిగా ఉంటే స్పిరిట్ ముంచిన దూదితో తుడవండి. ఎక్కువుంటే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి వారానికోసారి చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. పిండినల్లిని మోసుకొచ్చి కాపాడేది చీమలే కాబట్టి వాటి దారి కూడా మూయాలి.

*మొగ్గలు విచ్చకుండా రాలడం.* చోటు మార్చారా? రెండు రోజులు నీళ్లు మరిచారా? సాధారణంగా ఇవే. మొగ్గ దశలో కుండీ తిప్పడం కూడా మానండి.

*ఆకు అంచు గోధుమ రంగు.* తీరంలో ఉప్పుగాలి, మిగతా చోట్ల ఎరువు ఎక్కువవడం. రెండింటికీ మంచినీళ్లు ధారాళంగా పోసి, అడుగు నుంచి కారనిచ్చి ఉప్పును కడిగేయడమే పద్ధతి.

10. అక్టోబరు జాగ్రత్త

అక్టోబరు అంటే మనకు తుపానుల నెల: ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. గంజాం, గజపతి జిల్లాల్లో మేడ మీద తోట ఉన్నవాళ్లు దసరా హడావుడిలో ఉండగానే ఈ కింది పనులు ముందు పెట్టుకోవాలి.

ముందు:

- పిట్టగోడ మీద, వేలాడే కుండీలన్నీ కిందికి దించడం
- మిగతావి గోడ మూలకు చేర్చి, ఒకదానికొకటి ఆనేలా గుంపుగా పెట్టి తాడు చుట్టడం
- అడుగు చిల్లులు పుల్లతో గుచ్చి చూడటం, మేడ నీరు పోయే గొట్టాల్లో ఆకులు తీయడం
- పెద్ద కాగితం పూల కొమ్మలు ఉంటే మూడో వంతు తేలిక చేయడం
- ఎరువు ఆపడం

తర్వాత:

- పడిన కుండీలు అదే రోజు నిలబెట్టి, వేర్లు బయటపడి ఉంటే మట్టి కప్పడం
- తీరం దగ్గరయితే కరెంటు వచ్చి మోటారు తిరిగిన వెంటనే ఆకుల మీద, మట్టిలో మంచినీళ్లు ధారాళంగా పోయడం
- చీలిన కొమ్మలు మాత్రమే కోయడం. ఆకు మాడిన కొమ్మలను మూడు వారాలు ముట్టుకోవద్దు. గోటితో బెరడు గీరి చూస్తే కింద పచ్చగా ఉంటుంది, చిగురు అక్కడి నుంచే వస్తుంది.